వదిన తెచ్చిన వాచీ

అన్నా,

రేపు నీ సంవత్సరీకం. బావుల్లో మునిగి మోటార్లు తీసేటప్పుడు నువ్వు పెట్టుకునే నకలు డైవర్ వాచీని వదిన నా వాచీల దుకాణానికి తెచ్చింది. నిన్ను ఆఖరి బావిలోంచి పైకి తీసిన రోజు చేరిన నీళ్లకు లోపలి మిషన్ తుప్పు పట్టింది.

కొత్తది ఆటోమేటిక్ వేస్తానన్నాను. పెట్టుకున్న చేయి కదిలితే చాలు, అదే నడుస్తుందని చెప్పాను.

"ఫొటో కాడ పెడ్త తమ్మీ. ఆడ ఎవల చెయ్యి కదుల్తది?" అంది.

అలసిన కళ్లతో మధ్యాహ్నమంతా కూర్చుని, రోజూ పక్కనున్న చావి తిప్పి నడపాల్సిన మిషన్ వేశాను.

"దీపం పెట్టినప్పుడు చావి ఇయ్యి వదినా. బిగుసుకున్నంక తిప్పకు, స్ప్రింగు తెగుతది."

"అచ్చం మీ అన్న తీరే జాగ్రత్తలు చెప్తవ్," అని నవ్వింది.

ఈసారి నీళ్లు చేరకుండా వెనక మూతకు కొత్త రబ్బరు రింగు కూడా వేశాను. ఫొటో దగ్గర ఉండేదానికి అది అక్కర్లేదని తెలుసు, అన్నా.