ఇసుక బస్తాల కారు

కోవూరు

ప్రియమైన నాయనకు,

వనజ నమస్కారాలు. ఫోను చేస్తే "నువ్వు మాట్లాడుతుంటే నాకు సందు దొరకదు, కాగితం మీద రాయి" అంటివి. రాసి, ఇక్కడికి ఎండుచేపలు అమ్మవచ్చిన మస్తానమ్మత్త చేతికిస్తున్నా.

నీకు డెబ్బై మూడు. వచ్చే నెలతో లైసెన్సు అయిపోతుంది. అది లేకుండా తోలితే ఇన్సూరెన్సు ఉన్నా లేనట్టే. ఉన్నది కూడా ఎదుటివాళ్ల నష్టానికే. మన కారు మునిగితే మనకేమీ రాదు. వానలొస్తున్నాయి. డాక్టరు దగ్గర సర్టిఫికెట్టు తీసుకొని లైసెన్సు పొడిగించుకో, ఫుల్ ఇన్సూరెన్సు కట్టు. ఈ వానల్లో కారుకు సొట్ట పడిందంటే మాత్రం తాళం నాకిచ్చేయాలి. మీ అల్లుడు ఇప్పుడే అమ్మేయమంటున్నాడు. నేనే ఆపినా.

నీ కూతురు
వనజాక్షి

పాళెం

ప్రియమైన వనజకు,

నాయన రాసేది. డాక్టరు గోడ మీద అక్షరాలు చదవమన్నాడు. కూడబలుక్కుంటుంటే "కళ్లు కనపడటం లేదా తాతా?" అన్నాడు. "కళ్లు బాగుండాయి, చదువే తక్కువ" అన్నా. నవ్వి సంతకం పెట్టినాడు. లైసెన్సు వచ్చేసింది.

నెల్లూరులో ఇన్సూరెన్సు పిల్లోడు "కొడుకు పేరు చెప్పు తాతా" అన్నాడు. "బండి నాది, తోలేది నేను, మునెయ్య అని రాసుకో" అన్నా. ఫుల్‌దే కట్టినా.

మీ అమ్మ పోయినాక నాకుండేది ఆ కారొకటే. వెంకటాచలం దాకా పోయి నలుగురు మనుషుల్ని చూసొస్తుండా. అది లేకపోతే నేను అరుగు మీద పెట్టిన మూటని. అయినా పందెం పందెమే. సొట్ట పడితే తాళం నీది.

మీ నాయన
మునెయ్య

కోవూరు

నాయనా,

తుఫాను మనవైపే వస్తోందంట. కారును ఎత్తు మీద పెట్టు. నీళ్లొస్తే దాంట్లో కూర్చోబాక. తడిసిన ఇంజను స్టార్టు చేయబాక. చేసి ఇంజను చెడిపోతే ఇన్సూరెన్సు వాళ్లు ఇవ్వరు. నువ్వు జాగ్రత్త, కారు తర్వాత.

వనజ

పాళెం

వనజకు,

నీళ్లు సీట్ల దాకా వచ్చినాయి. స్టార్టు చేయలా. ఎడమ పక్క తలుపులు రెండూ సొట్టపోయినాయి. నువ్వు గెలిచినావు. మస్తానమ్మతో తాళం పంపిస్తుండా. నన్నేం అడగబాక.

మునెయ్య

కోవూరు

నా మంచి నాయనకు,

నిన్న మస్తానమ్మత్త ఒకాయన్ను వెంటబెట్టుకొని వచ్చింది. పేరు పద్మనాభయ్య, పోర్టులో పని. గుమ్మంలోనే చేతులెత్తి దండం పెట్టినాడు. మాకేం అర్థం కాలా.

తుఫాను రోజు ఆయన కారు రోడ్డు మీంచి తేలి, ఆయనతో సహా కాలువ వైపు కొట్టుకుపోయిందంట! దారిలో నీ కారు అడ్డం నిలబడిందంట. చేపల షెడ్డు స్తంభానికి లంగరు మోకుతో కట్టి, లోపల ఇసుక బస్తాలు నింపి! ఆయన కారు దానికి కొట్టుకొని ఆగితే, నడుముకు మోకు కట్టుకొని పోయి కిటికీలోంచి ఆయన్ను లాక్కొచ్చింది ఎవరు నాయనా? నాకొక ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది?

నువ్విచ్చిన కాగితాల్లో నా నంబరుందని ఇన్సూరెన్సాయన నాకు ఫోను చేసి "కారులో ఇసుకెందుకమ్మా?" అని అడిగినాడు. "మా నాయన పడవ మనిషి" అన్నా. సొట్టలకీ నీళ్లకీ ఇస్తారంట. బస్తాల బరువుకు విరిగిన వెనక స్ప్రింగులకు మాత్రం ఇవ్వరంట.

ఆ సొట్ట పందెంలోకి రాదు. ఈ మాట అన్నది మీ అల్లుడు, నేను కాదు. తాళం తిరిగి పంపుతున్నా.

నీ వనజ

పాళెం

ప్రియమైన వనజకు,

చెప్పుంటే తాళం కోసం బతిమాలుకున్నట్టుంటుంది. అందుకని చెప్పలా.

గాలికి ముందు పడవలో ఇసుక వేసి మోకుతో కట్టేది మన ఇంటి పని. కారు మాత్రం నీళ్లలో తేలదా? స్ప్రింగుల సంగతి నాకు తట్టలా. అవి నేనే వేయించుకున్నా.

మెకానిక్కు తలుపులకు సొట్టలు తీసి రంగేసినాడు. ఒక్క సొట్ట ఉంచమన్నా. పాళెంలో పిల్లకాయలు దానిమీద చెయ్యేసి పోతుండారు.

ఆదివారం ఎండ కాస్తే పెన్న దాటి మీ ఇంటికొస్తా. అల్లుడికి చెప్పు, ముందు సీటు ఆయనకే. తోలేది మాత్రం నేనే.

మీ నాయన
మునెయ్య