కాటా అవతలి గట్టున ఉన్నందున

జిల్లా వాహన తనిఖీ అధికారి దోర్జ్‌సురెన్ గారి సముఖమునకు,
తూర్పు గట్టు మెకానిక్ చోయ్‌డొగ్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నేను బాగుచేసిన లారీని గడ్డకట్టిన సరస్సు మంచు మీద తిరగనీయకుండా తక్షణం నిలుపుదల చేయించుట గురించి.

1. నా బావమరిది నమ్‌ఖై నడుపుచున్న పాత రష్యా లారీ నాకంటే రెండేళ్లు పెద్దది. పెట్రోలు ఇంజను అరిగిపోయినందున దానిని దింపి, తుక్కులో దొరికిన డీజిల్ ఇంజను ఎక్కించితిని. ఆ బరువుకు ముందు చక్రాల స్ప్రింగు పట్టీలు కుంగినందున, నాలుగు చక్రాలకూ కొత్త స్ప్రింగు పట్టీలు, మెత్తటి షాక్ అబ్జార్బర్లు వేసితిని. తమరు స్వయంగా ఎక్కి చూసి, "ఉయ్యాల్లో కూర్చున్నట్టుందయ్యా చోయ్‌డొగూ!" అని ముద్ర కొట్టితిరి.

2. దరఖాస్తులో బరువు మార్పు "లేదు" అని రాసింది నేనే. మూడున్నర టన్నులు దాటిన బండి మంచు మీదికి దిగరాదని గట్టున బోర్డు ఉంది. నిజం రాస్తే బడిపిల్లల్ని చేరవేసే పని తమ్ముడికి పోతుందని మా ఆవిడ ఏడ్చింది. బండి ఇప్పుడు నాలుగు టన్నులకు పైమాటే. గట్టు కాపలావాడు మాత్రం మీ ముద్ర చూసి దారికి అడ్డంగా కట్టిన గొలుసు దింపుతున్నాడు.

3. బరువొక్కటే కాదు. మంచు పగిలేముందు మూలుగుతుంది. అది వినడానికీ, అవసరమైతే దూకడానికీ మావాళ్లు తలుపులు తెరిచి నడుపుతారు. ఈ డీజిల్ రొదలో పక్కవాడి కేకే వినబడదు. పాత పట్టీలు చిన్న పగులు తగిలినా నడుం విరగ్గొట్టేవి. నమ్‌ఖై తిట్టుకుంటూ దిగి, గడ్డపారతో పొడిచి చూసుకునేవాడు. కిందటి వారం జానెడు పగులు దాటొచ్చి, "పగులా? ఎక్కడ బావా?" అన్నాడు. చక్రాలు తడిసి ఉన్నాయి. బండిని బాగుచేసి వాణ్ణి గుడ్డివాణ్ణీ చెవిటివాణ్ణీ చేశానయ్యా.

4. ఆగమంటే వినడు. "నీ చేతి పని మీద నీకే నమ్మకం లేదా బావా? ఊరంతా నిన్ను మెచ్చుకుంటుంటే నీకేం పోయేకాలం!" అంటాడు. బ్యాటరీ విప్పి దాచితే, పక్క గుడారంలోది అడిగి తెచ్చి బిగించుకున్నాడు.

5. ఫోను చేయగా, తమ గుమాస్తా అమ్మగారు బండి తూకం చూపే కాటా చీటీ లేనిదే ఫిర్యాదు తీసుకునేది లేదన్నారు.
"కాటా ఎక్కడుందమ్మా?"
"ఇంకెక్కడ, మా ఆఫీసు వెనకే. బండి తోలుకురా, అయిదు నిమిషాల పని."
ఆఫీసు సరస్సు అవతల ఉందయ్యా! చుట్టుదారి కనుమలో మంచు కింద పూడిపోయింది. మధ్యనున్నది ముప్పై కిలోమీటర్ల సరస్సు. అందునా ఇది మార్చి నెలాఖరు, మంచు పలచబడే కాలం.

6. సెలవులు ముగిసి, గురువారం పొద్దున పద్నాలుగు మంది పిల్లలు ఆ బండిలో హాస్టలుకు బయలుదేరుచున్నారు. అందులో నా చిన్నకూతురు నారన్‌జయా ఉంది. దాన్ని నేను ఆపుకోగలను. తక్కిన పదముగ్గురి తల్లిదండ్రులకు నా మాట కన్నా మీ ముద్ర మీదే గురి.

కావున కాటా చీటీ లేకుండానే, అబద్ధమాడినవాడి నోటిమాట మీదనే అనుమతి రద్దుచేసి, కాపలావాడికి ఒక్క ఫోను చేయించవలెను. నాకు ఏ శిక్ష విధించినా భరిస్తాను. పెద్దమనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చోయ్‌డొగ్

మరొక మాట: ఇది ముగిస్తుండగా గుమాస్తా అమ్మగారే ఫోను చేసి, చీటీ లేనిదే తమరు సంతకం పెట్టరని తేల్చేశారు. సరేనయ్యా. రేపు బుధవారం పొద్దున ఖాళీ బండిని నేనే తెస్తున్నాను. నమ్‌ఖైకి చెప్పలేదు, తాళంచెవి కాజేశాను. గుర్రం బరువుకు మంచు ఇంకా ఆగుతుంది కనుక, ఈ కాగితం ఈ రాత్రే గుర్రం మీద మనిషి ముందుగా తెస్తాడు. మధ్యాహ్నం దాకా చూడండి. వస్తే తూకం వేయండి. రాకపోతే చీటీతో పని లేదు, గురువారం పిల్లలు ఎలాగూ ఇళ్లల్లోనే ఉంటారు.