పసుపు పూయని రాయి

ఆళ్లగడ్డ
ఏరువాక పున్నమి, బుధవారం
11 జూన్ 2025

గుల్జార్‌బీ అక్కకు,

చెల్లెలు రామమ్మ చేతులు జోడించి రాసేది ఏమంటే, నీ ఒళ్లు ఎట్లా ఉంది? మోకాళ్ల వాపు తగ్గిందా? మీ నంద్యాల డాక్టరు ఇచ్చిన మాత్రలు అన్నం తిన్నాకే వేసుకుంటున్నావా, మరిచిపోయి పరగడుపున మింగుతున్నావా? నీ కొడుకు ఇర్ఫాన్‌కు కడుపులో మంట ఎట్లా ఉంది? కూలర్లు బాగుచేసేవాడు, ఈ ఎండల్లో వేళకు తినడేమోనని నాకు దిగులు. కోడలు ముంతాజ్‌కు నెలలు నిండుతున్నాయి, మేడ మెట్లు ఎక్కనివ్వకు. బక్రీద్ బాగా జరిగిందనుకుంటాను. ప్రతి ఏడూ పండగనాడు నీ ఫోన్ వచ్చేది. ఈ ఏడు రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసు.

మేమందరం క్షేమం అని రాయాలి. చెయ్యి రావడం లేదక్కా. ఫోన్ చేద్దామంటే నీకు చెవులు సరిగా వినపడవు, ఇర్ఫాన్ ఎత్తుతాడు. మొన్న ఎత్తి, “పిన్నమ్మా, మా అబ్బా గోరీని గూడా మీ చేలో కలుపుకుంటిరే. ఇంగ మాట్లాడేకి ఏముంది?” అని పెట్టేశాడు. వాడిని నేను తప్పు పట్టను. అందుకే ఈ జాబు. మనవరాలు శ్రీవాణి నంద్యాలలో ఎమ్మెస్సీ లెక్కలు చదువుతోంది కదా, దాని చేతికిచ్చి పంపుతున్నాను. ముంతాజ్ చేత చదివించుకో.

పోయిన నెల భూములు కొత్తగా కొలిచేవాళ్లు వచ్చారు. నా కొడుకు ఓబులేసు వాళ్ల వెంట చేనికి పోయాడు. హద్దురాళ్లు చూపించమంటే, “పసుపు పూసిన రాళ్లే మావి సార్” అన్నాడట. ఏరువాక నాడు మేము హద్దురాళ్లకు పసుపు పూసి బొట్టు పెట్టడం నువ్వు ఎరుగుదువు. బయటి మూలల్లో ఉన్న అయిదు రాళ్లకూ పసుపు ఉంది. ఆరో రాయి ఒకటి ఉంది కదా, నీ చేను కొస మా చేలోకి పొడుచుకొచ్చిన చోట, ఇమాం సాహెబ్ అన్న గోరీ పక్కన. దానికి లేదు. అన్న కోరుకున్నట్టే ఆయనను ఆయన చేలో పెట్టినప్పటి నుంచి, “వాళ్లు దువా చేసుకునే చోట మన పసుపెందుకులే” అని మా ఆయన పూయడం మానేశాడు. మర్యాదకు మానేశాడక్కా. ఆ మర్యాద తిరిగి నీ మెడకే చుట్టుకుంటుందని ఎవరనుకున్నారు!

పోయిన వారం కొత్త పటం వచ్చింది. అయిదు రాళ్లను చుట్టేస్తూ గీత. కొరికిన రొట్టెలాగా ఉండే మా చేను నిండు రొట్టెలాగా ఉంది. నీ చేను కొస, ఇమాం సాహెబ్ అన్నతో సహా, మా గీత లోపల! నేను పటాన్ని తిప్పి తిప్పి చూశాను. ఓబులేసు మాత్రం పటం ఎత్తి పట్టుకుని మురిసిపోతున్నాడు.

“వంకర లేకుండా ఎంత చక్కగా వచ్చిందో చూడుమా. ట్రాక్టరు తిప్పుకునేకి ఇంగ ఏ అడ్డమూ లేదు.”

“అది మనది కాదు కదరా!”

“కాయితం మనదంటాంది. నువ్వేందిమా కాదంటావు?”

ఒకవేళ పటం గీసిన యంత్రానికే ఏదో అయిందేమో అని శ్రీవాణిని అడిగాను. అది చింతగింజలు ఆరు నేల మీద పెట్టింది, అయిదు బయట, ఒకటి లోపలికి. తల రబ్బరు తీసి సాగదీసి గింజల చుట్టూ వదిలింది.

“బయటికి పొడుచుకున్న గింజలే రబ్బరును పట్టుకుంటాయి జేజీ. లోపలి గింజ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.”

అంటూనే లోపలి గింజను తీసేసింది. రబ్బరు కదలలేదు. వెంట్రుకవాసి కూడా కదలలేదక్కా. అంత పెద్ద మనిషి పక్కన నిలిచిన రాయి, తీసేస్తే తెలియను కూడా తెలియలేదు.

“దీన్ని కుంభాకారం అంటారు. లోపల యాడ ఇద్దరు నిలబడినా, మధ్యన లాగిన తాడు లోపలే ఉండాల. ఒక్క తాడు బయటికి పోయినా అది కుంభాకారం కాదు. మన చేను కాదు జేజీ. పటంలో దాన్ని అట్ల చేసి పెట్టినారు.”

“ఈ గింజలాటకేనా నిన్ను నంద్యాల పంపింది?” అని అడిగాను. నవ్వింది. మొదట ఇట్లాంటి బొమ్మలేనట, తర్వాత పెట్టె, బంతి, ఆ తర్వాత నాలుగు దిక్కుల ఆకారాలు, పది దిక్కులవి, నూరు దిక్కులవి. పొడవు, వెడల్పు, ఎత్తు అయిపోయినాక ఇంకా దిక్కులు ఎక్కడివే అని దాని నుదురు పట్టి చూశాను, జ్వరమేమోనని. కంటికి కనపడవట, లెక్కకు అందుతాయట. నూరు దిక్కుల పుచ్చకాయ ఒకటుంటే, చాకుతో పలచగా తొక్క తీసినా లోపల తినడానికి దాదాపు ఏమీ మిగలదట. ఉన్నదంతా తొక్కలోనేనట! ఆ మాట విన్నప్పటి నుంచి నాకు పుచ్చకాయ కొయ్యబుద్ధి కావడం లేదు. దిక్కులు ఎన్ని పెరిగినా ఆ తాడు పరీక్ష మాత్రం మారదని చెప్పింది.

అయితే ఆ తాడేదో చేలోనే లాగుదాం రమ్మన్నాను. ఎద్దుల పగ్గాలూ చేంతాళ్లూ ముడేసుకుని పోయాము. కాలువ గట్టు రాయి దగ్గర నేను, తుమ్మచెట్టు రాయి దగ్గర అది. రెండూ మా రాళ్లే. లాగి చూస్తే తాడు నడుమ నీ చేలో కోసిన కందికొయ్యల మీదుగా పోయింది. నువ్వు అన్న దగ్గరికి నడిచిపోయే బాటకు సరిగ్గా అడ్డంగా. ఆ గీత మీదే ఓబులేసు కంచె వేస్తానంటున్నాడు. వేస్తే నువ్వు నీ పెనిమిటిని చూడాలంటే మా గేటు దగ్గర నిలబడి అడుక్కోవాలి.

ఇంటికొచ్చాక తండ్రికీ బిడ్డకూ మాటామాటా పెరిగింది.

“నిన్ను ఎమ్మెస్సీ చదివించింది నా చేను కుదించేకా?”

“కుదించేది ఏముంది నాయనా? ఉన్నంతే ఉండమంటాండా.”

“నూరు దిక్కులు తెలిసినదానివి, ఇంట్లో అన్నం ఏ దిక్కున ఉందో ఎప్పుడన్నా చూసినావా?”

“నువ్వు చూపిస్తే గదా. పసుపున్న దిక్కే చూపిస్తావాయె.”

వాడు చెంబు విసిరికొట్టి బయటికి పోయాడు. వాడు దొంగ కాదక్కా. రాళ్లు చూపినప్పుడు నిజంగానే మరిచాడు. ఇప్పుడు తెలిసీ వదలలేకపోతున్నాడు. నా భయమంతా అదే.

చేను నా పేరు మీదే ఉంది గనక నేనే ఆఫీసుకు పోయి అర్జీ మీద సంతకం పెట్టాను. నా కొడుకు చూపిన హద్దు తప్పని రాయించాను. సర్వేయరు సోమవారం వస్తానన్నాడు. రెండు చేల వాళ్లూ నిలబడి ఆ ఆరో రాయిని చూపిస్తేనే గీత మారుస్తారట. నేనొక్కదాన్ని చూపిస్తే చాలదట. అప్పటిదాకా కంచె పని ఆపుతానని ఓబులేసు ఒప్పుకున్నాడు. నువ్వు కంగారు పడకు. ఇర్ఫాన్ కోపంగా ఉంటే కోపంతోనే రమ్మను, వచ్చి నన్ను తిట్టినా సరే. రాకుండా మాత్రం ఉండొద్దు.

పెద్దవాళ్లకు నమస్కారాలు, ముంతాజ్‌కు, పుట్టబోయే బిడ్డకు దీవెనలు.

నీ చెల్లెలు,
రామమ్మ

మళ్లీ రాసేది: అక్కా, పైన ఒక మాట అబద్ధం రాశాను. నీకు మోకాళ్ల బాధకు తోడు ఇది కూడా ఎందుకని. ఓబులేసు ఒప్పుకోలేదు. ఈరోజు పొద్దున రాళ్లకు పసుపు పూయడానికి వస్తే, నీ బాటకు అడ్డంగా కంచె కూసాలకు గుంతలు తీయిస్తున్నాడు. నడిమి గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. “లెయ్ మా, జనం చూస్తాండారు” అన్నాడు. లేవలేదు. చేతిలో కూసం అక్కడే పారేసి, కూలోళ్లను పంపేసి తానూ పోయాడు. మళ్లీ వస్తాడు. ఈ జాబు గుంతలో కూర్చునే రాస్తున్నాను. తేళ్ల భయం ఉంది, ఎండ భయం ఉంది, అన్నిటికంటే కన్నకొడుకు నన్ను ఎత్తి పక్కన పెడతాడేమోనని భయంగా ఉంది. శ్రీవాణి జాబు నీకిచ్చి మళ్లీ నా దగ్గరికే వచ్చేస్తుంది. వాడు వచ్చినప్పుడల్లా ఇక్కడే ఉంటాను. సర్వేయరు వచ్చేది సోమవారం, పదహారో తేదీ. ఆ రోజు పొద్దున్నే నంద్యాలలో మొదటి బస్సు ఎక్కి వచ్చేయక్కా.