నూరేళ్ళ రాయి

హొహాంచా, అక్టోబరు 9

చెల్లెలు ఒదీలియాకు అన్న ఫెర్మీన్ దీవెనలు.

ముందుగా నా కోడిగీతలనూ తప్పులనూ మన్నించు. రెండో తరగతితో బడి మాని పశువుల వెంట పోయినవాణ్ణి, ఇంతకంటే రాదు. ఇక్కడ అందరం క్షేమం. పుంతరేనాస్‌లో నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని తలుస్తాను.

క్షేమమే గానీ, నా మనవరాలు యెసేనియా నన్ను ప్రశాంతంగా బతకనివ్వడం లేదు. పర్యాటకులను తిప్పే పని పెట్టుకుంది కదా, సముద్రం చూపించి, గుహలు చూపించి, ఆఖరున నన్ను చూపిస్తుంది. వారానికి మూడు బస్సులు. ఇస్త్రీ చొక్కా తొడిగి అరుగు మీద కూర్చోబెట్టి, “ఈ ద్వీపకల్పమంతా సున్నపురాయండీ. ఆ రాతిలో ఊరిన నీళ్ళు తాగి, ఈ మొక్కజొన్న రొట్టె తినే మా తాతయ్య నూరేళ్ళకొచ్చాడు” అంటుంది. అవే నీళ్ళు తాగి నలభై ఏళ్ళకే పోయినవాళ్ళను ఎంతమందిని భుజాన మోశానో బస్సువాళ్ళకు చెప్పదు. వేయించిన పందిమాంసం నాలుగు ముక్కలు తినాలన్నా బస్సు కదిలేదాకా ఆగాలి.

మొన్న ఒకావిడ మామిడిపండు నొక్కినట్టు నా చెయ్యి నొక్కి చూసింది. ఇన్నేళ్ళు బతికిన రహస్యమేమిటంది. నాకేం తెలుసమ్మా అన్నాను. యెసేనియా దాన్ని వాళ్ళ భాషలో పావుగంట చెప్పింది. అందరూ చప్పట్లు. ఏం చెప్పావే అంటే, “నువ్వన్నదే తాతయ్యా, కాస్త ఉప్పూ కారం చల్లాను” అంది. కంచె అవతల పక్కింటి బెతో ఊరుకుంటాడా? “ఏం పెళ్ళికొడకా, ఇవాళ ఎంతమందొచ్చారు చూపులకి?” అని రోజూ ఒకటే గోల.

ఇదంతా ఓర్చుకున్నాను. ఇప్పుడు నవంబరు 23న నాకు నూరేళ్ళ పండుగట. మేయరు వస్తాడట, మరింబా వాయిస్తారట. అదీ పోనీ. ఇంటి ముందు రాయి పాతుతారట. నా పేరు, పుట్టిన తేదీ, కింద ‘నూరేళ్ళ మనిషి ఇల్లు’ అని. వద్దన్నాను. “మా తాతయ్యకు సిగ్గెక్కువ” అని మేయరు మనుషులతో నవ్వేసింది. మళ్ళీ గట్టిగా వద్దన్నాను. “రాయుంటే బస్సులు రోజూ వస్తాయి తాతయ్యా. ఇద్దరు పిల్లల్ని దీంతోనేగా చదివిస్తున్నాను” అంది. దొడ్లోకి పోయి ఆవుల దగ్గర నిలబడ్డాను.

నీ మాటంటే దానికి గురి. రాయి సంగతి మానుకోమని నువ్వొక ముక్క రాసి పంపు.

నీ అన్న,
ఫెర్మీన్ మతరీతా

తా.క. కవరు అంటించి మళ్ళీ విప్పాను. అసలు సంగతి దాచి నిన్ను సాయమడగడం బాగాలేదు. నాకు నూరేళ్ళు లేవు చెల్లీ, తొంభై రెండు. నాకు ముందు అమ్మకొక మగబిడ్డ పుట్టి నాలుగు నెలలకే పోయాడు. వాడి పేరూ ఫెర్మీనే. ఆ పేరు వదులుకోలేక నాకూ అదే పెట్టింది. నేను పుట్టినట్టు ఎక్కడా రాయించలేదు. గుర్తింపు కార్డుకు పోయేనాడు వాడి పుట్టుక కాగితం నా చేతిలో పెట్టి, “నీకు ముందు ఒకడున్నాడురా, నాలుగు నెలలే బతికాడు. వాడికిక దీంతో పనిలేదు” అంది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేనూ అడగలేదు.

యెసేనియాకు నువ్వేమీ రాయొద్దు. ఆదివారం బస్సులుండవు, నేనే చెబుతాను. దాని బస్సులు ఏమవుతాయో నాకు తెలియదు, అయినా చెబుతాను. రాతిపనివాడు పేరూ తేదీ అప్పుడే చెక్కేశాడు. ఆ పేరు పోయిన ఆ బిడ్డది, ఆ తేదీ వాడిది. నూరేళ్ళ మాట మాత్రం ఇంకా చెక్కలేదు. ఆ రాయి నా గుమ్మం ముందు కాదు, వాడి దగ్గర ఉండాలి. అమ్మ చివరి రోజుల్లో నీ దగ్గరే ఉంది కదా, వాణ్ణి ఎక్కడ పూడ్చారో నీకు చెప్పే ఉంటుంది. నెలాఖరుకు రాతిపనివాడు మళ్ళీ ఉలి పట్టుకుంటాడు. ఆలోపు నీ జవాబు నాకు చేరాలి, తొందరగా రాయి.