పలక మీద రాయని మాట

తిరుపతి, 1987 జూలై, ఆదివారం రాత్రి

పక్కింటి టీవీలో సినిమా చూసి వచ్చాం. మూడేళ్ల కిందట జ్వరంతో అక్కకు చెవులు పోయినప్పటి నుంచి, సినిమాలో మాటలన్నీ పలక మీద రాసి చూపించడం నా పని. ఒక్క సినిమా కూడా నేను తలెత్తి చూసింది లేదు.

ఈరోజు సినిమాలో ఒక చెవిటి ముసలాయన్ని ఆటపట్టిస్తుంటే అందరూ విరగబడి నవ్వారు. "ఏమన్నారే?" అని అక్క నా మోచేయి పొడిచింది. వెనక నుంచి పక్కింటి పిన్నమ్మ, "రాయొద్దులే పాపా, బాధపడతాది" అంది. "ఆయన జారిపడ్డాడు" అని రాశాను. అందరూ నవ్వడం ఆపేశాక అక్క ఒక్కతే నవ్వింది.

ఇంటికొచ్చాక అడిగింది: "పడినోడు యాడుండాడే? చెవులే గదా పోయినాయి, కండ్లుండాయి. నువ్వు చిన్నబోతావని నవ్వినా. ఇన్నాళ్లూ ఎన్ని మార్చి రాసినావు?"

ఎన్నో నాకే గుర్తులేదు. నిజం రాస్తే అక్కను నా చేత్తోనే ఏడిపించినట్టు. రాయకపోతే ఇక ఈ చేతిని నమ్మదు.

అక్క పలక తుడిచి, బలపం నా చేతిలో పెట్టి, "అందరూ నవ్విన ఆ మాట రాయి" అంది. డైరీ రాసుకోవాలని తప్పించుకున్నాను.

ఎదురుగానే కూర్చుని ఉంది. ఈ పేజీ అయిపోవస్తోంది.