గొంద్వే కప్పిన ఇల్లు

అక్టోబరు 9
పొద్దున్నే గొంద్వే వచ్చాడు. సంఘపెద్ద జకేయో గొంద్వే. వెంట చర్చి మహిళా సమాజం అధ్యక్షురాలు న్యలుహంగ, ఇంకొందరు ఆడవాళ్లు, తలల మీద గడ్డి మోపులు. వానల్లోపు మా ఇల్లు కప్పుతారట. మిమ్మల్ని ఎవరడిగారన్నాను. ఎవరూ అడగలేదు మేష్టారూ, అందుకే వచ్చాం అంది న్యలుహంగ.

తలుపు వేసుకున్నాను.

అదే రోజు, సాయంత్రం
మా అమ్మాయి పెళ్లిలో బీరు పోశానని చర్చి పెద్దల సభ సెషన్‌లో సంఘం నుంచి నా పేరు కొట్టించినవాడు ఈ గొంద్వే. మరుసటి ఏడు నా భార్య తమారా పోయింది. వెలివేసిన ఇంటి చావు కనక మహిళా సమాజం సమాధి దగ్గర పాడకూడదన్నాడు. ఊళ్లో ప్రతి సమాధి దగ్గరా సమాజం వాళ్ల తెల్ల జాకెట్ తొడుక్కుని పాడిన మనిషి తమారా. ఆమె మీద పాట లేకుండా మట్టి వేశాం.

అలాంటివాడికి నా కప్పు మీద జాలి. జీవితమంతా చరిత్ర చదివాను, చెప్పాను. ఊరికే సాయం చేసే చేతి వెనక ఎప్పుడూ ఒక కొలత టేపు ఉంటుంది. నా పెరడు చర్చి గోడకు ఆనుకుని ఉంది. కొత్త పాస్టరుకు ఇల్లు లేదు.

అక్టోబరు 11
గొంద్వే ఒక్కడే వచ్చి పాత గడ్డి పీకాడు. ఆపలేదు. పోయిన వానలకి సగం పుస్తకాలు ఉబ్బిపోయాయి, ఈసారి కప్పు లేకపోతే గోడలే నిలవవు. ఒప్పుకోనూ లేదు. చరిత్ర పుస్తకం పట్టుకుని, కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. అటు జరగండి మేష్టారూ, దుమ్మంతా మీ చరిత్ర మీద పడుతోంది అన్నాడు పైనుంచి. నేను నవ్వలేదు.

అక్టోబరు 14
పెరడు కొలవలేదు. ఇంకా.

అక్టోబరు 20
ఆగలేక అడిగేశాను, నా స్థలం పాస్టరు ఇంటికేనా అని. మీ పెరట్లో మేకలే నిలవవు, పాస్టరేం నిలుస్తాడు అంది న్యలుహంగ. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నిచ్చెన మీద గొంద్వే కూడా.

మధ్యాహ్నం వాళ్లు వండుకున్న మొక్కజొన్న ముద్ద న్సిమా, చిన్న ఉసిపా చేపలు నాకూ ఒక పళ్లెం పెట్టారు. ముందు పిల్లికి పెట్టి చూశాను. పిల్లి బాగానే ఉంది.

అక్టోబరు 28
చర్చికి తిరిగి రమ్మంటాడని జవాబు సిద్ధం చేసుకున్నాను. పదునైన జవాబు. అడగలేదు. వృథా అయింది.

నవంబరు 2
పని పూర్తయింది. గొంద్వే చూరు కత్తిరించి, నిచ్చెన దిగి, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. ప్రార్థన కూడా చేయలేదు. ఇది మరీ అనుమానంగా ఉంది.

నవంబరు 23
పొద్దుటి నుంచీ వాన. ప్రతి మూలా వెతికాను. ఒక్క చుక్క లేదు.

నవంబరు 24
పిండిమర దగ్గర న్యలుహంగను పట్టుకుని అసలు సంగతి చెప్పమన్నాను. ఈ ఏడు సమాజం కప్పాల్సింది గొంద్వే ఇల్లట. కార్చిచ్చుకి కొండ మీది గడ్డి తగలబడి ఒక్క ఇంటికే మిగిలిందట. నాకొద్దు, మేష్టారికి కప్పుదాం అన్నాడట. ఎందుకని వీళ్లూ అడిగారట. తమారా సమాధి దగ్గర మిమ్మల్ని పాడనివ్వలేదు కదా అన్నాడట.

మరి నీ ఇల్లు కారడం లేదా పెద్దాయనా అని ఇవాళ అడిగిందట. మంచం చుట్టూ గిన్నెలేనమ్మా, అయినా ఇన్నేళ్లకి ఒళ్లెరగని నిద్ర పడుతోంది, ఈ పని నాకిచ్చిన దేవుడికి స్తోత్రం అన్నాడట. ఆయనకి పిచ్చి అంది న్యలుహంగ, చేతుల పిండి దులుపుకుంటూ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏళ్లుగా పెంచుకున్న కోపాన్ని నన్నడక్కుండా తీసుకుపోయే హక్కు అతనికెవరిచ్చారు.

నవంబరు 25
గొంద్వే ఇంటికి వెళ్లాను. తడి దుప్పటి పిండుతున్నాడు. నేను నిచ్చెన ఎక్కలేను, ఎక్కినా గడ్డి లేదు, మంచం తీసుకుని నడు అన్నాను. ఎక్కడికి మేష్టారూ అన్నాడు. నువ్వు కప్పిన చోటికే అన్నాను. మీ తిట్లు తింటూ ఎన్నాళ్లుండాలి అన్నాడు. వానలు వెళ్లేదాకా అన్నాను.

నవంబరు 26
గురక. మొదటి నుంచీ ఇదే అతని ప్లానని నా అనుమానం. గంజికి ఎసరు ఇద్దరికి పెట్టాను.