ఎనిమిది పవర్ సప్లైలూ, జైడ్లర్ గారి హాలూ

బ్రెమెన్, 2012 ఫిబ్రవరి 6

హాసెల్‌రోడా ఊరి హాలు చూసుకునే రోస్‌విటా జైడ్లర్ గారికి, ముఖపరిచయం లేని ఎగర్ట్ లూడర్స్ నమస్కారాలు.

ఏటా మేం కలుసుకునే హాలును పడగొట్టేశారు. మే నెలలో మీ హాలు మూడు రోజులు ఇస్తేనే ఈ ఏడు మా రైలు నడుస్తుంది. యాభై మందిమి తలా కొంత లైను తెచ్చి, అన్నీ కలిపి తొంభై మీటర్లు వేస్తాం. ఒకేసారి నలభై ఇంజన్లు తిరుగుతాయి. ఎనిమిది చోట్ల చిన్న పవర్ సప్లైలకు కరెంటు కావాలి. హాలు తట్టుకుంటుందా?

మీ జవాబు కోసం చూస్తూ,
లూడర్స్

తా.క. నేల పాడవుతుందని భయపడకండి. పట్టాలు మీటరుకు పైగా ఎత్తులో ఉంటాయి.

హాసెల్‌రోడా, ఫిబ్రవరి 13

లూడర్స్ గారికి,

నలభై ఇంజన్లా! మీ ఉత్తరం వినిపిస్తే మా మేయరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మీటరు ఎత్తున వంతెన సరే, మా తలుపు వెడల్పే రెండు మీటర్లు. ఇంజను ఎలా పడుతుందండీ? అయినా యాభై మంది చోటు లేక అడుగుతుంటే కాదనబుద్ధి కాలేదు. మా మరిది హార్ట్‌విగ్‌కు వెల్డింగ్ షెడ్డుంది. "చిన్నవి ఎనిమిదెందుకు వదినా? నా అరవై ఆంపియర్ల పవర్ సప్లై ఒక్కటి చాలదూ!" అన్నాడు.

హాలు ఇచ్చినట్టే అనుకోండి.
రోస్‌విటా జైడ్లర్

తా.క. పొగ వస్తుందా? కర్టెన్లు ఇప్పుడే ఉతికించాను.

బ్రెమెన్, ఫిబ్రవరి 20

జైడ్లర్ గారికి,

తప్పు నాదే. ముందే చెప్పాల్సింది. మావి బొమ్మ రైళ్లు, ఇంజను అరచేతిలో పడుతుంది. మేయరు గారిని కూర్చోమనండి.

హార్ట్‌విగ్ గారికి ధన్యవాదాలు, కానీ ఆ అరవై ఆంపియర్లది వద్దు. మా పట్టాల్లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఏ ఇంజను ఏం చేయాలో ఆ కరెంటులోనే కబురు వెళుతుంది. తన పేరు పిలిస్తేనే ఇంజను కదులుతుంది. పొరపాటున ఒక పెట్టె పట్టా తప్పి రెండు పట్టాలనూ కలిపిందంటే, ఉన్న కరెంటంతా అక్కడికే ఉరుకుతుంది. మూడు ఆంపియర్లదైతే టక్కున ఆగిపోతుంది. అరవైదైతే చక్రం పట్టాకు అతుక్కుపోతుంది. అందుకే లైనును ఎనిమిది భాగాలు చేసి, ఒక్కోదానికి పదిహేను వోల్టుల చిన్న పవర్ సప్లై పెడతాం. ఒకటి ఆగినా మిగతా ఏడూ నడుస్తాయి.

మీ మేలు మరిచిపోని
లూడర్స్

తా.క. పొగ వచ్చే ఇంజను ఒక్కటే ఉంది. నాదే. సిగరెట్టంత కూడా రాదు.

హాసెల్‌రోడా, మార్చి 1

లూడర్స్ గారికి,

పేరు పిలిస్తేనే కదులుతుందా! అది చదివి ఉత్తరం పట్టుకుని వంటింట్లో అలాగే నిలబడిపోయాను. ఒకే పట్టా మీద నలభై ఉన్నా, పిలిచినదే పలుకుతుందన్నమాట! మా ఆయన బతికుండగా ఇంట్లో ఉన్నది ఒక్కరే. పదిసార్లు పిలిచినా పలికేవారు కాదు.

హార్ట్‌విగ్ వారం రోజులు మూతి ముడుచుకున్నాడు. నిన్న తనంతట తనే ఎనిమిది పోగేసుకొచ్చాడు. ల్యాప్‌టాప్‌ది ఒకటి, కాలింగ్ బెల్‌ది ఒకటి, క్రిస్మస్ దీపాలవి మూడు, ఇంకా ఏవేవో. "అన్నీ అటూ ఇటూగా పదిహేనే వదినా. ఒకటి ఇరవైనాలుగు, దాన్ని చివర పెడదాంలే" అంటున్నాడు.

ఇక మీరు నిశ్చింతగా ఉండండి.
రోస్‌విటా

తా.క. ఎనిమిదోది ఆవులు దాటకుండా షాకిచ్చే కంచెకు కట్టేది. బ్రహ్మాండంగా పనిచేస్తుందట, ఆవుల్నే అడగమంటున్నాడు.

బ్రెమెన్, మార్చి 3, అర్జెంటు

రోస్‌విటా గారూ,

దయచేసి అవేవీ వద్దు! ఇంజను ఒక భాగంలోంచి ఇంకో భాగంలోకి దాటేటప్పుడు ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు ఉంటాయి. ఆ క్షణాన రెండు భాగాల కరెంటూ దాని ఒంట్లోనే కలుస్తుంది. రెండు వైపులా వోల్టులు సమానమైతే దానికేమీ తెలియదు. తేడా ఉంటే ఇంజను గుండెలోనే పోట్లాట. ఒకే రకానివి ఎనిమిది, ఒక్కొక్కటీ కొలిచి నేనే తెస్తాను. హార్ట్‌విగ్ గారికి ఇంకా పెద్ద పని ఉంది. యాభై మందికి సాసేజీలు కాల్చాలి.

చేతులు జోడించి,
లూడర్స్

తా.క. ఆవుల కంచెది హాలు గుమ్మం దాటనివ్వకండి. ఆవులే వచ్చి చెప్పినా సరే.

హాసెల్‌రోడా, మే 23

లూడర్స్ గారికి,

మీరంతా వెళ్లి మూడు రోజులైంది. హాలు తుడవడానికి ఇంకా చేతులు రావడం లేదు.

మొదటి బండి కదిలినప్పుడు నేను కాఫీ కప్పులు పట్టుకుని ఉన్నాను. అది ఒకరి మంచు కొండలోంచి ఇంకొకరి ఓడరేవులోకి వెళ్లింది. ఒకరికొకరు ముఖం కూడా తెలియని మనుషులు చేసిన ఊళ్లవి! రెండు భాగాల అతుకు మీద బండి కిటికీ దీపం రెపరెపలాడనైనా లేదు. హార్ట్‌విగ్ సాసేజీలు మాడ్చేసి, అతుకు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని గంటసేపు చూశాడు. "నిజమే వదినా, దానికేమీ తెలియడం లేదు" అన్నాడు మెల్లగా. అలా మాట్లాడగలడని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

వచ్చే ఏడు కూడా హాలు మీదే.
మీ రోస్‌విటా

తా.క. శనివారం ఐదో భాగం ఆగిపోతే, పట్టా తప్పిన పెట్టె కోసం ఇరవై నిమిషాలు వెతికారు కదా. ఏదీ తప్పలేదు. కొండ వెనకున్న చిన్న స్టేషన్ను పట్టాల ఎత్తునుంచి చూద్దామని వంగాను. ప్లాట్‌ఫారం మీద గొడుగు పట్టుకుని గోరంత ఆడమనిషి నిలబడి ఉంది. బండి సరిగ్గా ఆమె ముందుకొచ్చి ఆగింది. దూరంగా మిగతా బళ్లన్నీ దీపాలతో తిరుగుతూనే ఉన్నాయి. అలాగే వంగి చూస్తూ ఉండిపోయాను. తల ఎత్తాక బండి కదిలింది. అప్పుడు చూసుకున్నాను, అప్పటిదాకా నా మెడలోని వెండి గొలుసు రెండు పట్టాల మీదా పడి ఉంది. వెచ్చబడనైనా లేదు. ముందే లేచేదాన్నే కానీ, ఆమె బండెక్కేదాకా ఆగుదామనుకున్నాను.